పాత కారులో సాఫ్ట్‌వేర్ ఎవరిది? కార్ల కంపెనీలకు విజయవాడ నుంచి ఒక బహిరంగ లేఖ

మన దేశంలో కార్లు తయారుచేసి అమ్ముతున్న కంపెనీల సర్వీస్ విభాగాల పెద్దలకు,

నమస్కారం.

నేను విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో ఉంటాను. గన్నవరం దాటాక ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. చిన్నప్పుడు పోలియో రావడంతో నా ఎడమ కాలు పనిచేయదు. క్లచ్ తొక్కలేను. చాలా ఏళ్లు బస్సులోనే బడికి వెళ్లాను. బస్సు మెట్టు ఎక్కాలంటే రోజూ ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సి వచ్చేది. 2013లో బ్యాంకు అప్పు తీసుకుని ఆటోమేటిక్ కారు కొన్నాను. ఆ రోజు నుంచి నా ప్రయాణం కోసం ఎవరినీ ఏమీ అడగలేదు. మీ బ్రోషర్లలో ఆటోమేటిక్ అంటే సుఖం, దర్జా. నాలాంటి వాళ్లకు అది ఉద్యోగం, ఇంట్లోంచి బయటికి వెళ్లే దారి. ఈ ఉత్తరం చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోమని మొదటే అడుగుతున్నాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిపోయింది. మేం పై అంతస్తుకు ఎక్కి బతికాం. కారు కింద నాలుగు రోజులు నీళ్లలోనే ఉంది. నీళ్లు తీశాక తలుపు తెరిస్తే సీట్ల మీద వేలు మందాన బురద. పాత బండి కదా అని థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే కట్టాను. కాబట్టి రిపేరు ఖర్చు మొత్తం నాదే. వైరింగు, సీట్లు, ఆయిళ్లు, సెన్సర్లు అన్నీ మార్చారు. ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీఎం, డ్యాష్‌బోర్డు కింద నీళ్లు అందే చోట ఉండటంతో చెడిపోయింది. కొత్తది తెప్పించి బిగించారు. గేర్‌బాక్స్ కంప్యూటర్ బానెట్ కింద బ్యాటరీ పక్కన కాస్త ఎత్తులో ఉంది. అది బతికిపోయింది. నవంబరులో బండి చేతికిచ్చారు.

బండి తెచ్చుకున్న మొదటి రోజే తేడా తెలిసింది. రామవరప్పాడు రింగు దగ్గర సిగ్నల్ పడి కదిలాక, రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు ఎవరో వెనక నుంచి గుద్దినట్టు ఒక దెబ్బ. ముప్పై, ముప్పై అయిదు వేగంలో ప్రతిసారీ అదే. ఆగేటప్పుడు ఒకటో గేరుకు దిగుతూ ఇంకో దెబ్బ. ఎనికేపాడు నుంచి నిడమానూరు దాకా పొద్దుటి ట్రాఫిక్‌లో లెక్కపెట్టాను. ఆ కాస్త దూరంలోనే పదిహేడు దెబ్బలు. పట్టుకోవడానికి రెండో కాలి బలం లేని మనిషికి ఆ కుదుపు నడుములోకి దిగుతుంది. వెనక బైకు దగ్గరగా వస్తుంటే టెన్షన్. నాలుగైదు వారాలయ్యేసరికి కారు తీయాలంటేనే భయం పట్టుకుంది. రెండుసార్లు సెలవు పెట్టాను.

షోరూం వాళ్ల దగ్గరికి మూడుసార్లు వెళ్లాను. ఒక్కోసారి ఒక్కో మనిషి. మొదటిసారి "కొత్త పార్టులు పడ్డాయి కదా మేడమ్, సెట్ అవుతుంది" అన్నారు. రెండోసారి "పదకొండేళ్ల బండి, ఇలాగే ఉంటుంది" అన్నారు. మూడోసారి గేర్‌బాక్స్ మార్చాలని 1,92,000 రూపాయల ఎస్టిమేట్ చేతిలో పెట్టి, దాంతోపాటే ఎక్స్చేంజ్ ఆఫర్ కాగితం కూడా ఇచ్చారు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఏదైనా ఉందా అని అడిగాను. "ఈ మోడల్‌కి అప్‌డేట్లు లేవు మేడమ్" అన్నారు. ఎక్కడ చూసి చెప్పారో నాకు తెలియదు. అప్పుడు ఎవరూ కంప్యూటర్ వైపు చూడలేదు. జాబ్ కార్డు మీద "గేర్ జర్క్: చెక్ చేశాం, ఓకే" అని రాసి ఉంది.

తర్వాత మెకానిక్ షెడ్లుండే ఆటోనగర్ వెళ్లాను. అక్కడ మా మెకానిక్ పాతికేళ్లుగా ఆటోమేటిక్ బళ్లే చూస్తున్నాడు. అతను ముందు స్కానర్ ముట్టుకోలేదు. గేర్ ఆయిల్ కొంచెం తీసి తెల్లగుడ్డ మీద వేసి చూశాడు, వాసన చూశాడు. ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు. ఇంజిన్ మౌంటింగులు గడ్డపారతో కదిపి చూశాడు. బ్యాటరీ చూశాడు. అన్నీ బాగున్నాయన్న తర్వాతే స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టులో, అంటే బండి కంప్యూటర్లను చదవడానికి ఉండే సాకెట్‌లో, స్కానర్ పెట్టాడు. రెండు కంప్యూటర్ల సాఫ్ట్‌వేర్ నంబర్లు తెర మీదికి వచ్చాయి. వాటిని నా స్కూలు డైరీలో వెనక పేజీ మీద రాసుకున్నాను.

"టీచర్‌గారూ, ఇంజిన్‌ది కొత్త నంబరు, గేరుది మీరు బండి కొన్నప్పటి నంబరు. రెండిటికీ జత కుదరట్లేదు. నా స్కానర్ చదువుద్ది గానీ రాయలేదు. రాయాలంటే కంపెనీ సర్వర్‌లో లాగిన్ ఉండాలి. అది మాకివ్వరు."

పాఠం చెప్పే మనిషిని కాబట్టి ఆ మాట నా మనసులో ఉండిపోయింది. చదవొచ్చు, రాయకూడదు.

జత అంటే ఏమిటో కూడా అతనే చెప్పాడు. నాకు అర్థమైనంత వరకు ఇక్కడ రాస్తున్నాను. మీకు తెలియక కాదు, ఈ ఉత్తరం చదివే నాలాంటి వాళ్ల కోసం. ఆటోమేటిక్‌లో గేరు మారే ఆ క్షణంలో ఇంజిన్ కొంచెం బలం తగ్గించాలి. ఎప్పుడు తగ్గించాలో, ఎంత తగ్గించాలో గేర్‌బాక్స్ కంప్యూటర్ అడుగుతుంది. ఇంజిన్ కంప్యూటర్ స్పార్క్‌ను కాస్త వెనక్కి జరిపి బలం తగ్గించి, మళ్లీ ఇస్తుంది. సెకనులో చిన్న ముక్కలో జరిగిపోవాల్సిన పని ఇది. మా బడిలో మధ్యాహ్నం అన్నం గిన్నె ఇద్దరు పిల్లలు చెరో చెవి పట్టుకుని మోసుకొస్తారు. ఒకడు మెట్టు దిగేటప్పుడు రెండోవాడికి తెలియకపోతే గిన్నె ఒక పక్కకి ఒరిగి అన్నం చిందుతుంది. ఇద్దరిలో ఎవరి బలానికీ లోటు లేదు, అడుగులు కలవలేదంతే. నా కారులో జరిగిందీ అదే. ఇంజిన్‌కు కొత్త సాఫ్ట్‌వేర్, గేరుకు పాతది. దెబ్బ తింటున్నది గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్లు, నా నడుము.

ఇంజిన్ కంప్యూటర్ మార్చినప్పుడే గేరుది కూడా అప్‌డేట్ చేసి ఉంటే ఈ కథే లేదు.

ఆ వారంలోనే ఇంకొకతను ఫోన్ చేశాడు. పెన్‌డ్రైవ్‌లో ఫైలు ఉందని, ఎనిమిది వేలిస్తే సాయంత్రానికి ఎక్కించేస్తానని చెప్పాడు. ఆ ఫైలు ఎక్కడిదని అడిగితే సమాధానం లేదు. మా మెకానిక్ వద్దన్నాడు. మధ్యలో కరెంటు తగ్గినా, ఫైలు తప్పైనా కంప్యూటర్ పూర్తిగా చచ్చిపోతుందట. బండి ఇక స్టార్టే కాదు. నేను ఒప్పుకోలేదు. కానీ ఒప్పుకున్న వాళ్లు ఉంటారు. మీరు తలుపు వేసేసిన చోట వాళ్లు ఈ కిటికీలోంచే దూరాల్సి వస్తోంది. దొంగ ఫైళ్లు ప్రమాదమని మీరు హెచ్చరిస్తారు. నిజమే. మరి అసలు ఫైలు ఏ న్యాయమైన దారిలో దొరుకుతుందో కూడా మీరే చెప్పాలి కదా.

నా కారు తయారుచేసిన కంపెనీకి నంబర్లతో సహా అయిదు మెయిళ్లు రాశాను. వచ్చిన ప్రతి జవాబులోనూ దగ్గరలోని అధీకృత సర్వీస్ సెంటర్‌ను సంప్రదించమనే ఉంది.

2025 మే నెలలో సెలవులకు హైదరాబాద్‌లో అక్క ఇంటికి వెళ్లినప్పుడు తమ్ముడు బండి నడిపాడు. అక్కడ అదే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఒక కుర్ర టెక్నీషియన్ నా మాట పూర్తిగా విన్నాడు. డైరీలో రాసుకున్న నంబర్లు చూపించాను. ఛాసిస్ నంబరు కొట్టి, తెర నా వైపు తిప్పాడు. గేర్‌బాక్స్‌కు ఒక అప్‌డేట్, ఇంజిన్‌కు ఇంకో చిన్న సవరణ, రెండూ ఉన్నాయి. ఇంజిన్ కంప్యూటర్ మారిస్తే గేరుది కూడా తప్పనిసరిగా మార్చాలని కంపెనీ సర్వీస్ బులెటిన్‌లో, అంటే సర్వీస్ సెంటర్లకు పంపే సూచనల కాగితంలో, ఉంది. ఆ బులెటిన్ నా కారు వరదలో మునగడానికి ఎన్నో ఏళ్ల ముందుది. విజయవాడలో ఎవరూ చూడలేదు.

ఆ పని దగ్గరుండి చూశాను. వెయిటింగ్ హాల్లో కూర్చోమన్నా కూర్చోలేదు. బ్యాటరీకి ఒక స్థిరమైన కరెంటు ఇచ్చే ఛార్జర్ తగిలించాడు. వోల్టేజీ పడిపోకూడదట. ఏసీ, లైట్లు, మ్యూజిక్ అన్నీ ఆపేశాడు. ల్యాప్‌టాప్‌కూ ఛార్జింగ్ పెట్టాడు. తలుపులు తీయొద్దు, తాళం ముట్టుకోవద్దు అని తమ్ముడికి చెప్పాడు. ముందు ఇంజిన్‌ది, పద్నాలుగు నిమిషాలు. తర్వాత గేరుది, ఇరవై మూడు నిమిషాలు. తెర మీద నీలం గీత కొంచెం కొంచెం జరుగుతుంటే అతను చేతులు కట్టుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాడు. అరవై శాతం దగ్గర కాసేపు ఆగిపోయింది. అతను కదలలేదు, నేనూ కదలలేదు. మళ్లీ జరిగింది. అయిపోయాక గేర్‌బాక్స్ నేర్చుకున్న పాత అలవాట్లన్నీ చెరిపేశాడు. ఏళ్ల తరబడి నడిచిన బండి క్లచ్ ప్లేట్ల అరుగుదలను బట్టి తన ఒత్తిడిని తనే సర్దుకుంటుందట, కొత్త సాఫ్ట్‌వేర్‌తో అది మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలట. అందుకని పక్కన నన్ను కూర్చోబెట్టుకుని పది కిలోమీటర్లు నెమ్మదిగా, యాక్సిలరేటర్ ఒకే తీరుగా తొక్కుతూ, అన్ని గేర్లూ ఎక్కించి దించుతూ నడిపాడు. బిల్లు 2,300 రూపాయలు.

తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దాటాక బండి నేనే తీసుకున్నాను. నందిగామ దగ్గర ట్రాఫిక్ ఆగి ఆగి కదులుతోంది. రెండు నుంచి మూడుకు మారే చోటు కోసం చెవి పెట్టి కూర్చున్నాను. తెలియలేదు. స్పీడోమీటర్ ముల్లు ముప్పై అయిదు దాటాక గానీ గేరు మారిందని గ్రహించలేదు. కళ్లనీళ్లు వచ్చాయి. ఆరున్నర నెలల పాటు నాకు దూరమైన పని మళ్లీ నా చేతికి వచ్చింది.

1,92,000 రూపాయలకు, 2,300 రూపాయలకు మధ్య ఉన్నది గేర్‌బాక్స్ కాదు. ఒక నంబరు చూడటం, చూడకపోవడం.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఛాసిస్ నంబరు కొడితే ఆ కారులో ఇంజిన్‌కు, గేర్‌బాక్స్‌కు చివరిగా విడుదలైన సాఫ్ట్‌వేర్ ఏదో, దాని వల్ల ఏం సరవుతుందో యజమానికి కనపడేలా చేయండి. మన భాషలో రెండు వాక్యాలు చాలు. బండి సర్వీసుకు వచ్చినప్పుడు కిలోమీటర్ల రీడింగ్ జాబ్ కార్డు మీద రాసినట్టే ఈ రెండు నంబర్లూ రాయించండి. స్కానర్ పెట్టి చదవడానికి రెండు నిమిషాలు పట్టదు. ఈ సౌకర్యం ఓబీడీలో ఉంది, మన దేశంలో కార్లకు ఓబీడీ-2 తప్పనిసరై 2013 నుంచీ నడుస్తూనే ఉంది. మా జిల్లా పరిషత్ బడిలో పిల్లవాడి పుట్టుమచ్చలు కూడా రిజిస్టర్లో రాస్తాం. లక్షల రూపాయల బండిలో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో రాయడం బరువు కాదు.

ఇంతకన్నా పెద్ద విషయం ఆటోనగర్‌ది. మీ అధీకృత సెంటర్ దాటి బయట పనిచేసే మెకానిక్‌లకు, న్యాయమైన రుసుము తీసుకుని, మీ అసలు ఫైలును మీ సర్వర్ నుంచే ఎక్కించుకునే లాగిన్ ఇవ్వండి. ఇది నా ఊహ కాదు. యూరప్‌లో కాలుష్యం మీద యూరో 5 నిబంధనలు వచ్చినప్పటి నుంచీ బయటి మెకానిక్‌లకు రిపేరు సమాచారం, కంప్యూటర్లను రీప్రోగ్రామింగ్ చేసే దారి ఇవ్వాల్సిందే. అమెరికాలో మసాచుసెట్స్ ప్రజలు 2012లో ఓటు వేసి మరీ ఈ హక్కు తెచ్చుకున్నారు. మీలో చాలామంది ఆ దేశాల్లోనూ కార్లు అమ్ముతున్నారు. అక్కడి మెకానిక్‌కు ఇస్తున్న లాగిన్ మా ఆటోనగర్ షెడ్డులో పనిచేసే మెకానిక్‌కు ఎందుకు ఇవ్వరు?

మన దేశంలోనూ ఈ మాట కొత్తది కాదు. 2014 ఆగస్టు 25న, వ్యాపారంలో పోటీ సరిగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. విడిభాగాలు, లోపాలు కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారన్నదే అభియోగం. ఆ కేసు తర్వాత అప్పీళ్లకు వెళ్లింది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసి, ఫోన్లు, వ్యవసాయ యంత్రాలతో పాటు వాహనాలనూ అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది. నా కారుకు మాత్రం దాని వల్ల లాగిన్ రాలేదు.

లోపమున్న బళ్లను కంపెనీయే వెనక్కి పిలిపించి సరిచేయాలనే రీకాల్ నిబంధనల సంగతి కూడా చెప్పాలి. 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఆ నిబంధనలు ఏడేళ్ల లోపు బళ్లకే వర్తిస్తాయి. నా బండికి ఏడేళ్లు దాటి చాలా కాలమైంది. కానీ అదే ప్రభుత్వం సొంత కారుకు పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ ఇస్తుంది, ఫిట్‌నెస్ ఉంటే ఇంకో అయిదేళ్లు పొడిగిస్తుంది. ఏడో ఏడు నుంచి పదిహేనో ఏడు దాకా, ఆ తర్వాత కూడా, ఈ రోడ్ల మీద తిరిగే బండికి సాఫ్ట్‌వేర్ విషయంలో దిక్కెవరు? చట్టం బలవంతపెట్టకపోయినా ఆ బాధ్యత మీరు తీసుకోవచ్చు. ఫైలు ఇప్పటికే మీ సర్వర్‌లో ఉంది. కొత్తగా తయారు చేయమని నేను అడగడం లేదు.

పెట్రోలు మారిన సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది. ఒక కిలో పెట్రోలు మండటానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు దాదాపు 9 కిలోలు చాలు. ఆ తేడాను ఇంజిన్ కంప్యూటర్ ఆక్సిజన్ సెన్సర్ చూసుకుంటూ కొంతవరకు సర్దుకుంటుంది. 2013లో రాసిన లెక్క ఈ పెట్రోలుకు చాలుతుందా, సవరణ కావాలా? మోడల్ వారీగా, ఏడాది వారీగా రాతపూర్వకంగా చెప్పండి. అవసరం లేకపోతే అదే రాయండి. మా భయం తీరుతుంది.

దొంగతనాలు, కాలుష్య నియంత్రణ, భద్రత అని మీరు అభ్యంతరం చెబుతారని తెలుసు. అవి నిజమైన సమస్యలే, కాదనను. సరైన తాళం లేకపోతే బండి స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ లాంటి వాటికి సంబంధించిన సమాచారాన్ని ముందుగా పరిశీలించి అనుమతించిన మెకానిక్‌లకే ఇచ్చే పద్ధతి యూరప్‌లో ఉంది. గేరు మారే తీరును సరిచేసే మీ సొంత ఫైలు, మీరు డిజిటల్ సంతకం చేసిన ఫైలు, మీ సర్వర్ నుంచే వస్తుంటే అందులో ఎవరూ ఏమీ కలపలేరు. ఏ షెడ్డులో, ఏ రోజు, ఏ బండికి ఎక్కించారో మీ దగ్గరే నమోదవుతుంది. పెన్‌డ్రైవ్ కన్నా అది ఎంతో భద్రం.

ఇంకో మాట. మీ సర్వీస్ అడ్వైజర్ల మీద నాకు కోపం లేదు. రోజుకు ముప్పై బళ్లు చూస్తూ, నెలాఖరుకు ఇన్ని ఎక్స్చేంజులు చేయాలన్న ఒత్తిడితో ఉన్న కుర్రాళ్లు వాళ్లు. పాత బండి నంబరు తెరిచి చూడటానికి వాళ్లకు సమయం ఇచ్చారా, ఆ పనికి లెక్క కట్టారా అన్నది మీరు చూసుకోవాల్సిన విషయం. హైదరాబాద్ కుర్రాడు తెర నా వైపు తిప్పాడు. అలా తిప్పడం వాళ్ల పనిలో భాగమని మీరు రాసిపెడితే విజయవాడలోనూ తిప్పుతారు.

వరద తర్వాత మా వీధిలోనే చాలా కార్లకు కంప్యూటర్లు మార్చారు. వాటిలో ఆటోమేటిక్‌లు కూడా ఉన్నాయి. మా ఎదురింటి మేష్టారి కారు కుదుపుతోందని మొన్ననే ఆయన నాతో అన్నారు. ఆయనకు డెబ్బై ఏళ్లు, మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక ఆటోమేటిక్ కొన్నారు. బండి ముసలిదైపోయిందనే అనుకుంటున్నారు. ఈ ఆదివారం ఆయన కారును నేను మా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. రెండు నంబర్లూ చదివించి, ఛాసిస్ నంబరుతో సహా ఆయన కంపెనీ సర్వీస్ విభాగానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతాం. ఆ నంబర్ల పక్కన ఉండాల్సిన నంబర్లు ఏవో, అప్‌డేట్ విజయవాడలో ఎక్కడ చేస్తారో జవాబులో రాయమని అడుగుతాం.

ఇట్లు,
ఒక తెలుగు టీచర్,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ.